కొలత నేర్పకుండా సీసా చేతికివ్వకండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఎయిడ్స్ నియంత్రణ సంస్థల ప్రాజెక్ట్ డైరెక్టర్లకు, రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులకు బహిరంగ లేఖ

నమస్కారం.

హెచ్ఐవీ ఉన్న పిల్లల్ని ఇళ్ళలో సాకుతున్నవాళ్ళం, ఆ ఇళ్ళతో పనిచేసే కౌన్సిలర్లం, నర్సులం కలిసి రాస్తున్న లేఖ ఇది. కింద పేర్లు పెట్టడం లేదు. మా పేరు తెలిస్తే బిడ్డ పేరు తెలిసిపోతుంది. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ గోప్యతను హక్కుగా ఇచ్చింది కనుక దాన్ని వాడుకుంటున్నాం.

మందులు లేవని చెప్పడానికి రాయడం లేదు. 2006 నవంబరు 30న దేశంలో పిల్లలకంటూ ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీని అదుపులో ఉంచే మందుల కార్యక్రమం మొదలైంది. ఆ రోజులకూ ఇప్పటికీ చాలా తేడా ఉంది. లోపినావిర్ సిరప్ చేదుకు పిల్లలు కక్కుకునేవాళ్ళు, పైగా దానికి ఫ్రిజ్ కావాలి. ఇప్పుడు నీళ్ళలో కరిగే మాత్రలు వచ్చాయి. డోల్యుటెగ్రావిర్ 10 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, అబకావిర్, లామివుడిన్ కలిసిన మాత్ర ఇంకొకటి. చాలామంది పిల్లలకు రోజుకు ఒక్కసారి వేస్తే సరిపోతుంది. ప్రపంచంలో ఎన్నో దేశాల పిల్లలు వాడే ఈ మందులు మన దేశంలోనే తయారవుతున్నాయి, హైదరాబాద్ కంపెనీల్లో కూడా.

చిక్కు వేరే చోట ఉంది. కార్యక్రమం మొత్తం చదువొచ్చిన, ఏ వారమైనా ఏ రోజైనా రాగలిగిన ఒక తల్లిని మనసులో పెట్టుకుని నడుస్తోంది. చాలా ఇళ్ళలో ఆ తల్లి లేదు. ఉన్నా తనకే ఒంట్లో బాగుండదు. ఉన్నది అమ్మమ్మో, నాయనమ్మో, మేనత్తో, ఒక్కోచోట పద్నాలుగేళ్ళ అక్కో. ఏఆర్‌టీ సెంటర్ కిటికీలోంచి మీరిచ్చిన సీసాకూ పిల్లవాడి నోటికీ మధ్య ఉన్నది ఆ మనిషి చెయ్యే. ఆ చేతికి పని నేర్పే ఏర్పాటు లేదు, ఆమె ఎవరో మీ రికార్డులో సరిగ్గా లేదు. మేం అడగబోయేవన్నీ ఈ ఒక్క లోటు చుట్టూనే.

బరువు దగ్గర మొదలుపెడతాం, ఎందుకంటే ఎక్కువ తప్పులు అక్కడే పుడతాయి. పిల్లలకు మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 120/60 రకం (అబకావిర్ 120, లామివుడిన్ 60 మిల్లీగ్రాములున్న) మాత్ర, 10 మిల్లీగ్రాముల డోల్యుటెగ్రావిర్ మాత్ర ఒకే తీరుగా పెరుగుతాయి: 6 నుంచి 9.9 కిలోల దాకా ఒక్కోటి ఒకటిన్నర, 10 నుంచి 13.9 దాకా రెండేసి, 14 నుంచి 19.9 దాకా రెండున్నరేసి, 20 నుంచి 24.9 దాకా మూడేసి. రెండు సీసాల్లోంచీ ఒకే లెక్కన తీస్తే చాలు కాబట్టి చదువురాని మనిషి కూడా తేలిగ్గా గుర్తుపెట్టుకోగలిగిన పద్ధతి ఇది. కానీ అబకావిర్, లామివుడిన్ మాత్రలో 60/30 రకం కూడా ఉంది. అది వస్తే రోజు మొత్తం మీద ఆ మాత్రలు రెట్టింపు కావాలి. సీసా మారిన సంగతి ఫార్మసీ రిజిస్టర్‌కు తెలుస్తుంది, మూత రంగు తప్ప ఇంకేదీ చూడని అమ్మమ్మకు తెలియదు. పోయినసారి 120/60 ఇచ్చి ఈసారి 60/30 ఇస్తే, ఆమె పాత లెక్క ప్రకారమే వేస్తుంది. బిడ్డకు సగం మందే అందుతుంది. అటూ ఇటూ తిరగబడితే రెట్టింపు అందుతుంది.

ఇంకోటి, బరువు ఒక గీత దాటడానికి 100 గ్రాములు చాలు. 13.9 కిలోల పిల్లకు రెండు, 14 కిలోల పిల్లకు రెండున్నర. స్వెటర్, బూట్లతో తూచినా తేడా వస్తుంది, గోడ పక్కన సరిగ్గా సర్దని తూకం మీద నిలబెట్టినా వస్తుంది. పెద్దవాళ్ళ మందులు తీసుకెళ్ళే కుటుంబాల్లో బిడ్డను ప్రతిసారీ తీసుకురారు, సీసా మాత్రం తీసుకెళ్తారు. మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు పాత మోతాదే నడుస్తుంది. రెండేళ్ళలోపు పసివాళ్ళయితే ఆ లోపల గీత దాటిపోగలరు. ఆ తర్వాత వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, పెరిగిందని చూసి "మందు సరిగ్గా వెయ్యట్లేదు కదమ్మా" అని ఆమెనే అంటారు. ఆమె రోజూ వేసింది. లెక్కే పాతది.

కనుక మొదటి కోరిక. మోతాదు మారిన రోజున, లేదా సీసా రకం మారిన రోజున, నోటిమాటతో సరిపెట్టకండి. సీసా మీద పెద్ద బొమ్మతో స్టిక్కర్ అంటించండి: రాత్రి చందమామ పక్కన రెండు నిండు మాత్రలు, ఒక సగం. పాత స్టిక్కర్ చింపేయండి. ఇంట్లో మిగిలిన పాత సీసాను తిరిగి తెమ్మని, తెచ్చినందుకు ఏమీ అనకుండా తీసుకోండి. బిడ్డను తెచ్చిన మనిషి చేతే అక్కడే ఒక మోతాదు కలిపించి చూడండి. పావుగంట పని అది.

ఆ పావుగంటలో నేర్పాల్సింది ఇంత. చేతులు కడుక్కుని, తాగే నీళ్ళు 10 మిల్లీలీటర్లు చిన్న గ్లాసులో పొయ్యాలి. దగ్గు మందు సీసా మూతకు లోపల గీతలుంటాయి, 10 గీత దాకా అంటే రెండు చిన్న చెంచాలు. మాత్రలన్నీ వేసి తిప్పి, పూర్తిగా విచ్చుకున్నాక తాగించాలి. మాత్రలు నాలుగు దాటితే నీళ్ళు కొంచెం పెంచొచ్చు, కానీ బిడ్డ ఒక గుక్కలో ముగించగలిగినంతే. కలిపాక అరగంటలోపు తాగించాలి. అడుగున తెల్లటి పొడి మిగులుతుంది, అదీ మందే. మళ్ళీ ఒక చెంచా నీళ్ళు పోసి గ్లాసు తొలిచి అదీ తాగిస్తేనే మోతాదు పూర్తయినట్టు. ఈ తొలపడం సంగతి ఎవరూ చెప్పని ఇళ్ళలో రోజూ కొంత మందు గ్లాసుతో పాటు అంట్లలోకి పోతుంది. తాగిన అరగంటలోపు వాంతి అయితే మళ్ళీ ఇవ్వాలి.

పాలల్లో, హార్లిక్స్‌లో కలపొద్దు. బిడ్డ సగం గ్లాసు వదిలేస్తే ఎంత మందు పోయిందో తెలియదు.  చేదని కొన్నాళ్ళకు పిల్లలు పాలే మానేస్తారు, అదొకటి.

సగం మాత్ర గీత దగ్గర వేలితో నొక్కితే విరుగుతుంది. మిగతా సగాన్ని అదే సీసాలో వేసి మర్నాడు ముందు దాన్నే వాడాలి, పారేయకూడదు. సీసాలో ఉండే చిన్న తెల్ల పొట్లం తేమను పీల్చడానికి. దాన్ని తీసెయ్యకూడదు, నోట్లోనూ వెయ్యకూడదు. పక్కింటివాళ్ళు చూస్తారని మాత్రలన్నీ పోపుల డబ్బాలోకో, పాత బామ్ డబ్బాలోకో మార్చేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. కరిగే మాత్రకు గాలిలో తేమే శత్రువు, వానాకాలం మెత్తబడిపోతుంది. పేరు కనపడకూడదంటే సీసాను అలాగే ఉంచి లేబుల్ మీద కాగితం అంటించుకోమనాలి, పొయ్యికి దూరంగా పెట్టుకోమనాలి. లేబుల్ మీద జబ్బును పట్టిచ్చే మాటలు లేకుండా, మాత్ర లెక్క ఒక్కటే కనపడేలా సీసాలు పంపడం మీ చేతిలో పని. ఆ ఒక్కటి చేస్తే పోపుల డబ్బాల బెడద సగం తగ్గుతుంది.

బిడ్డ 20 కిలోలు దాటాక డోల్యుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల పెద్దల మాత్ర ఒకటి వేయొచ్చు. కరిగే మాత్రలు మూడు, అంటే 30 మిల్లీగ్రాములు చేసే పని దాదాపు అంతే. కరిగే రకం ఒంటికి ఎక్కువగా పడుతుంది కాబట్టి ఆ తేడా. అందుకే కరిగే మాత్రలు అయిపోయినప్పుడు పెద్దల మాత్రను ముక్కలు చేసి చిన్నపిల్లకు వెయ్యడం కుదరదు. ఈ మాట ఎవరూ చెప్పక, తమ మాత్రే బిడ్డకు విరిచి వేసే తల్లులు, పెద్దమ్మలు ఉన్నారు. ఇక 25 కిలోలు దాటితే అబకావిర్, లామివుడిన్ కూడా పెద్ద మాత్ర అవుతుంది. 30 కిలోలు దాటిన పెద్దపిల్లలకు టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ మూడూ కలిసిన టీఎల్‌డీ మాత్ర, అది బాగా పొడుగ్గా ఉంటుంది. మింగడం ఆ రోజే నేర్పబోతే గొంతుకు అడ్డం పడి భయపడతారు. 18 కిలోలప్పుడే ఉడికిన సగ్గుబియ్యం గింజతో మొదలుపెట్టి, తల కొద్దిగా ముందుకు వంచి నీళ్ళతో మింగడం అలవాటు చేయించమని కౌన్సిలర్లకు చెప్పండి. పల్లీలతో మాత్రం వద్దు.

ఇనుము మాత్రల సంగతి రెండు శాఖలకూ కలిపి చెప్పాలి. ఇనుము, కాల్షియం, జింకు, గ్యాస్ మందుల్లో ఉండే అల్యూమినియం, మెగ్నీషియం, ఇవి డోల్యుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టేస్తాయి. డోల్యుటెగ్రావిర్ వీటికి 2 గంటల ముందైనా వెయ్యాలి, లేదా 6 గంటల తర్వాతైనా. బళ్ళో వారానికోసారి మధ్యాహ్న భోజనం తర్వాత ఇచ్చే ఐరన్ మాత్ర, రాత్రి 8 గంటలకు వేసే ఏఆర్‌టీతో గొడవ పడదు. కానీ ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ సిరప్‌ను, విరేచనాలప్పుడు 14 రోజులు వేసే జింకును, ఆర్‌ఎంపీ రాసిచ్చిన కాల్షియం సిరప్‌ను "అన్నీ ఒకేసారి వేసేస్తే మర్చిపోను" అని రాత్రి మందుతోనే కలిపి వేసేది ఎక్కువగా నాయనమ్మలే. వాళ్ళ తర్కంలో తప్పు లేదు, చెప్పినవాళ్ళు లేరు. ఒక్క వాక్యం చాలు: బలం మందులు పొద్దున, ఏఆర్‌టీ రాత్రి. డోల్యుటెగ్రావిర్ వల్ల నిద్ర పట్టని పిల్లలకు ఏఆర్‌టీ పొద్దుటికి మారుస్తారు కాబట్టి వాళ్ళ విషయంలో ఈ వాక్యం తిరగెయ్యాలి. అలా తిరగేసినప్పుడు స్టిక్కర్ మీద చందమామ చెరిపి సూర్యుణ్ణి పెట్టాలి.

క్షయ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే డోల్యుటెగ్రావిర్ అదే మోతాదు పొద్దునా రాత్రీ రెండుసార్లు పడాలి. రిఫాంపిసిన్ ఆగాక కూడా రెండు వారాలు అలాగే. టీబీ మందులిచ్చే చోటు వేరు, ఏఆర్‌టీ ఇచ్చే చోటు వేరు. ఈ రెండో మోతాదు సంగతి ఒకరు చెప్తారని ఇంకొకరు అనుకుంటారు. మూర్ఛ మందులతోనూ ఇటువంటి చిక్కే ఉంది, ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వాడే పిల్లల బుక్‌ (సెంటర్ ఇచ్చే మందుల పుస్తకం) మొదటి పేజీలోనే ఎర్ర ఇంకుతో రాయించండి.

అబకావిర్ కొత్తగా మొదలైన మొదటి 6 వారాలు ఒక కన్నేసి ఉంచాలి. జ్వరం, దద్దుర్లు, వాంతులు, కడుపునొప్పి, దగ్గు వీటిలో రెండు మూడు కలిసి వచ్చి, మందు వేసిన ప్రతిసారీ పెరుగుతుంటే ఆ మందు పడలేదేమో అనుకోవాలి, ఆలస్యం చేయకుండా సెంటర్‌కు తేవాలి. పడలేదని డాక్టర్ ఆపించాక ఆ మందు జన్మలో మళ్ళీ వెయ్యకూడదు, రెండోసారి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మిగిలిన సీసా ఇంట్లో ఉండకూడదు. ఆదివారం, పండగ పూట ఎవరికి ఫోన్ చెయ్యాలో ఒక నంబరు బుక్‌ అట్ట మీద ఉండాలి.

మాత్రల లెక్కకు వద్దాం. 15 కిలోల పిల్లకు రోజుకు రెండున్నర. 90 మాత్రలు ఇచ్చారు, 28వ రోజున వచ్చింది. 70 వాడి ఉండాలి, 20 మిగలాలి. 26 మిగిలితే 64 వాడినట్టు, అంటే 91 శాతం. 95 శాతం ఉండాలంటారు కాబట్టి ఇది తక్కువే. లెక్క సరైనదే, దాన్ని వాడే తీరు సరైనది కాదు. మిగిలితే తిడతారని తెలిసిన నాయనమ్మ వచ్చేముందు అదనపు మాత్రలు పారేసి వస్తుంది. అప్పుడు మీ రిజిస్టర్‌లో 100 శాతం. విరిగి నేలపాలైనవి, వాంతి తర్వాత మళ్ళీ వేసినవి, పోయిన నెల మిగులు, ఇవేవీ లెక్కలోకి రావు. మాత్రలు మిగిల్చి తెచ్చిన మనిషికి "నిజం తెచ్చావమ్మా, మంచిపని చేశావు" అనే మాట ముందు దక్కాలి. కారణం ఆ తర్వాత అడగొచ్చు. ఏ సాయంత్రం తప్పిందో ఆమెకు గుర్తుంటుంది, చెప్తుంది కూడా.

వైరల్ లోడ్ మిల్లీలీటరు రక్తంలో 1000 లేదా ఆపైన వస్తే మూడు నెలలు కౌన్సెలింగ్ చేసి మళ్ళీ పరీక్ష చెయ్యాలన్నది మీ పద్ధతే. ఆ మూడు నెలలూ ఇంటి మనిషికి ఉపన్యాసాలివ్వడంతో గడిచిపోకూడదు. ముందు బరువు తూచి మోతాదు సరిపోల్చండి. తర్వాత ఏ రకం సీసా ఇంట్లో ఉందో చూడండి, కలిపే తీరు చేయించి చూడండి. ఐరన్, కాల్షియం, గ్యాస్ మందు, టీబీ మందు ఏవైనా నడుస్తున్నాయేమో అడగండి. ఆ తర్వాత బిడ్డను విడిగా కూర్చోబెట్టుకుని అడగండి: మాత్ర నాలుక కింద దాచి ఉమ్మేస్తున్నాడా, హాస్టల్లో వేసుకునే చోటు లేదా, ఎవరైనా ఏదైనా అన్నారా. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా లోడ్ తగ్గకపోతే మందు పనిచేయడం లేదేమో ఆలోచించాలి. తల్లి కడుపులో, పుట్టినప్పుడు అందిన మందుల వల్ల మొండికేసిన వైరస్ కూడా ఉంటుంది. ఆ తప్పు నాయనమ్మ నెత్తిన వెయ్యకండి.

సెంటర్‌కు రావడమే ఒక రోజు కూలి. బిడ్డ బడి, ఆమె పని, ఇద్దరి బస్సు ఛార్జీలు. నిలకడగా ఉన్న పిల్లలకు మూడు నెలల మందు ఇవ్వడానికి జాతీయ మార్గదర్శకాలు అడ్డు చెప్పవు, అయినా పిల్లల దగ్గరకొచ్చేసరికి "బరువు మారుతుంది కదా" అని నెలకే పరిమితం చేస్తున్న చోట్లున్నాయి. రెండేళ్ళు దాటి, లోడ్ అదుపులో ఉన్న బిడ్డకు మూడు నెలలు ఇవ్వండి. నడుమ బరువు దగ్గర్లోని అంగన్‌వాడీలోనో, ఆరోగ్య కేంద్రంలోనో తూచి ఫోన్లో చెప్తే సరిపోతుంది. అక్కడ తూచేవాళ్ళకు కారణం చెప్పక్కర్లేదు. 2022లో మందుల కొరత మీద ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఆఫీసు ముందు బాధితులు రోజుల తరబడి కూర్చోవలసి వచ్చింది. సరుకు తగ్గితే పది రోజులకు సరిపడా ఇచ్చి మళ్ళీ రమ్మంటారు. పెద్దల మందు ఒక చోట లేకపోతే పక్క జిల్లాలో దొరకొచ్చు. పిల్లల మాత్రలు తక్కువ చోట్ల ఉంటాయి, కాబట్టి కొరత వస్తే ముందు పిల్లల సీసాలు పక్కకు తీసిపెట్టండి.

రెండో శనివారం బడి సెలవు. ఆ రోజు పిల్లలకు మాత్రమే ఓపీ పెట్టండి. అదే రోజు తీసుకొచ్చిన మనిషికి బీపీ, షుగర్ చూడండి, చాలా సెంటర్లు పెద్దాసుపత్రి ఆవరణలోనే ఉన్నాయి, ఎక్కడికో పంపక్కర్లేదు. మనవడి మందు వేళ తప్పనివ్వని ఆమె తన బీపీ మాత్ర ఎన్ని నెలలుగా మానేసిందో అడిగితే తెలుస్తుంది. ఆమె పడిపోతే బిడ్డ మందు ఆ సాయంత్రమే ఆగుతుంది. అందుకే ప్రతి బిడ్డ బుక్‌లో రెండో మనిషి పేరు కూడా ఉండాలి, కలపడం ఆ మనిషికీ నేర్పాలి. పద్నాలుగేళ్ళ అక్క అయినా సరే. 2017 చట్టం 32వ సెక్షన్ ప్రకారం, హెచ్ఐవీ బాధిత కుటుంబంలో 12 నుంచి 18 ఏళ్ళ మధ్య వయసుండి ఇంటి వ్యవహారాలు చక్కబెట్టగల తోబుట్టువు, తన కంటే చిన్నవాళ్ళకు బడిలో చేర్చడం, వైద్యం, బ్యాంకు ఖాతా వంటి పనుల్లో సంరక్షకులుగా నిలబడొచ్చు. ఈ సెక్షన్ ఉన్నట్టు బ్యాంకులకూ బళ్ళకూ తెలియదు. మీ రెండు శాఖలూ కలిసి ఒక పేజీ ఉత్తర్వు ఇస్తే, అది చేతిలో పట్టుకుని వెళ్తారు.

మిరప కోతల కాలంలో కర్నూలు, ఆదోని వైపు నుంచి గుంటూరు వైపు కుటుంబాలు కుటుంబాలే కదిలిపోతాయి. పిల్లలు కూడా వెళ్తారు. వెళ్ళే ముందు వచ్చి చెప్తే మందు ఎక్కువ ఇస్తామని, అక్కడి సెంటర్‌లో కూడా తీసుకోవచ్చని డిసెంబరు నుంచే చెప్పండి. బదిలీ కాగితం లేదని తిప్పి పంపే పద్ధతి ఆపండి.

అయిదో తరగతిలో గురుకులంలో చేరే పిల్లలు మరో లోకం. అప్పటికి చాలామంది పెద్ద మాత్రల్లోకి మారి ఉంటారు కాబట్టి వారం గడుల డబ్బా వాడొచ్చు, సీసా ట్రంకు పెట్టెలో దాచుకోనక్కర్లేదు. రాత్రి స్టడీ అవర్ తర్వాత నీళ్ళు తాగే నెపంతో మింగెయ్యొచ్చు. సమస్య పెట్టె తాళం, వార్డెన్ తనిఖీ, "ఏం మాత్రరా అది" అనే పక్క మంచం పిల్లాడు. హాస్టల్లో ఒక్క మనిషికి, వీలైతే నర్సుకే, ఇంటివాళ్ళ రాతపూర్వక అంగీకారంతో చెప్పే పద్ధతి పెట్టండి. ప్రిన్సిపాల్ నుంచి వంటమనిషి దాకా తెలియాల్సిన పని లేదు. ఆ పిల్లవాడి కంచం, పక్క, బాత్రూమ్ వేరు చెయ్యడం వివక్ష, చట్టం నిషేధించిన పని. తాకినా, కలిసి తిన్నా, దోమ కుట్టినా ఇది అంటదు. దెబ్బ తగిలి రక్తమొస్తే ఏ పిల్లవాడికైనా చేసినట్టే గ్లోవ్స్ వేసుకుని, సబ్బుతో కడిగి, కట్టు కట్టాలి. టూత్‌బ్రష్, బ్లేడు ఎవరివి వాళ్ళవి.

బిడ్డకు ఎప్పుడు చెప్పాలన్నది ఇంట్లోవాళ్ళను అన్నిటికంటే ఎక్కువ తినేసే ప్రశ్న. మార్గదర్శకాల్లో ఉంది: చిన్నప్పటి నుంచీ కొంచెం కొంచెంగా చెప్పుకుంటూ వచ్చి, పన్నెండేళ్ళ లోపు పేరుతో సహా చెప్పాలి. కానీ ఆ చెప్పే మాటలు ఎవరూ అందించరు. అమ్మమ్మలు గుండెకు రంధ్రమనో, టీబీ అనో చెప్పి నెట్టుకొస్తారు. ఏడో తరగతి పిల్లవాడు సెంటర్ బోర్డు చదివి, ఫోన్లో వెతికి, ఒంటరిగా తెలుసుకుంటాడు. ఆ తర్వాత మందు మానేసేది ఆ వయసులోనే. మేం వాడి చూసిన మాటలు ఇవి. ఆరేళ్ళ పిల్లకు: "నీ రక్తంలో ఒక పురుగుంది కన్నా. మందు వేసుకుంటే అది నిద్రపోతుంది, మానేస్తే లేస్తుంది." తొమ్మిదేళ్ళకు: "ఇది ముట్టుకుంటే వచ్చేది కాదు. మన ఇంటి మాట, బయట చెప్పాలో వద్దో మనిద్దరం అనుకుని చేద్దాం." పదకొండేళ్ళకు, కౌన్సిలర్ పక్కన ఉండగా: "దాని పేరు హెచ్ఐవీ. పుట్టేటప్పుడు అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. నీ తప్పు కాదు, అమ్మ తప్పూ కాదు. మందు మానకపోతే నువ్వు చదువుకుంటావు, ఉద్యోగం చేస్తావు, పెళ్ళి చేసుకుంటావు." ఆ రోజే "అమ్మ అందుకే చచ్చిపోయిందా" అని అడుగుతారు. అవుననే చెప్పాలి, అప్పుడు ఈ మందు అందలేదని, లేదా ఆలస్యమైందని, ఏది నిజమైతే అది. చెప్పాక రెండు వారాలకు మళ్ళీ పిలిచి మాట్లాడాలి. ఈ రెండో పిలుపు చాలాచోట్ల జరగడం లేదు.

డబ్బు సంగతి. మిషన్ వాత్సల్య కింద బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలకు స్పాన్సర్‌షిప్ నెలకు 4,000 రూపాయలు. దీన్ని చూసేది జిల్లా బాలల పరిరక్షణ విభాగం. అమ్మమ్మలకు దాని పేరే తెలియదు. తెలిసినా తల్లిదండ్రుల మరణ ధృవపత్రాలు, ఆదాయ పత్రం, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా కాగితాలు ఒక చోట చేరేసరికి ఏడాది. ఆ కాగితాల కోసం తిరిగే ప్రతి ఆఫీసులోనూ "ఏం జబ్బుతో పోయారు" అని అడుగుతారు. సెంటర్‌లోని కౌన్సిలరే దరఖాస్తు నింపి, మూసిన కవరులో నేరుగా జిల్లా విభాగానికి పంపేలా రెండు శాఖలూ ఒప్పందం చేసుకోండి. అందులో తీవ్ర అనారోగ్యం అని ఉంటే చాలు, జబ్బు పేరు ఊరికి అక్కర్లేదు. పింఛన్లదీ అదే మాట. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ వాడేవారికి 4,000, తెలంగాణలో ఆసరా కింద 2,016 రూపాయలు ఉన్నాయి. పేరు పక్కన పింఛను రకం రాసి ఉన్న జాబితా ఊళ్ళో ఏ ఒక్కరి చేతిలోనూ తిరగకూడదు. అది తిరుగుతుందనే భయంతో అసలు దరఖాస్తే పెట్టని ఇళ్ళున్నాయి.

2017 చట్టం ప్రతి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు విని తీర్చే అధికారి ఉండాలంది. ఫిర్యాదు మీద 30 రోజుల్లో, ప్రాణం మీదికొచ్చిన కేసుల్లో 24 గంటల్లో ఉత్తర్వు ఇవ్వాలంది. ఆ అధికారి ఎవరు, ఏ ఫోన్‌కు చెయ్యాలి అన్నది ప్రతి ఏఆర్‌టీ సెంటర్ గోడ మీద తెలుగులో, తెలంగాణలో ఉర్దూలో కూడా రాయించండి. 1097 హెల్ప్‌లైన్ నంబరు దాని కిందే.

ఇవన్నీ ఒక్కసారి కుదరకపోతే వరస మేమే చెప్తాం. స్టిక్కర్, కలిపి చూపించడం, బుక్‌లో రెండో మనిషి పేరు. ఈ మూడింటికీ కొత్త బడ్జెట్ అక్కర్లేదు, వచ్చే నెల మందులిచ్చే రోజు నుంచే మొదలుపెట్టొచ్చు. రెండో శనివారం ఓపీ, మూడు నెలల మందు ఈ విద్యా సంవత్సరం ముగిసేలోపు. కవరు పద్ధతికి, గురుకులాల పద్ధతికి రెండు శాఖల అధికారులు ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. కూర్చున్నప్పుడు, పిల్లల్ని సాకుతున్న ఆడవాళ్ళను ఇద్దర్ని, చదువురానివాళ్ళనే, పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళకు ఆ రోజు కూలి, దారి ఖర్చులు ఇవ్వండి.

జవాబు మాకు ఉత్తరంగా పంపలేరు, చిరునామాలు ఇవ్వలేదు కనుక. సెంటర్లలో మందుల కిటికీ పక్కన అంటించండి. నెలాఖరులోపు మాలో ఎవరో ఒకరు ప్రతి సెంటర్‌కూ వస్తాం, చదువుకుంటాం, చదవలేనివాళ్ళకు చదివి వినిపిస్తాం.

ఇట్లు,
పాజిటివ్ పిల్లల్ని ఇళ్ళలో సాకుతున్నవాళ్ళు, వాళ్ళతో పనిచేసే కౌన్సిలర్లు, నర్సులు